ఆలుగడ్డ పిలువదు

ఏందీ అత్తమ్మా, మళ్ల తడిసిందా! ఎప్పుడు తడిసింది? బట్ట సల్లగ అయిపోయింది, అంటే గంట దాటి ఉంటది. గంట సేపు గిట్లనే తడిల పండుకున్నరా?

తల్లె మీ పక్కకే ఉన్నది గదా! ఇగో, మంచం పట్టీ మీదనే. కింద పడ్డా అందాలెనని చెంచాకు దారం కట్టి మరీ పెట్టిండు మీ కొడుకు. ఎడమ చెయ్యి మంచిగనే ఆడుతున్నది. పొద్దుగాల నేను చాయ్ తాపబోతే నా చేతిలకెళ్లి గిలాస గుంజుకుంటిరి. అంత బలమున్నది. చెంచాతోని తల్లె మీద ఒక్క దెబ్బ కొడితే ఉరికి రానా? వంటింట్లనే ఉంటి.

జెర ఇటు తిరుగుండ్రి. నా మెడ పట్టుకోండ్రి. ఆ… గంతే. చీర సుత మారుస్తా, ఆగుండ్రి. ఈ నీలంది మెత్తగుంటది.

రెండు నెలల మీద నాలుగు దినాలైంది మీరు ఈ మంచంల పడి. ఇన్ని దినాలల్ల ఒక్కసారన్న కొట్టిండ్రా ఈ తల్లెను? దూపైతే కొట్టరు. తడిస్తే కొట్టరు. మొన్న కరెంటు పొయ్యి చెమటలు కారినా కొట్టలే. రాజేందర్ ఏమనుకుంటున్నడో ఎరుకనా? ‘అమ్మకు సమజైతలేదు సుకన్యా, తల్లె ఎందుకు పెట్టినమో సుత మర్చిపోయింది’ అని వంటింట్లకొచ్చి ఏడ్చిండు.

మీకు సమజైతలేదా! మీ అంత తల్లె కొట్టినోళ్లు ఈ నేరేడ్‌మెట్ల ఇంకెవలన్న ఉన్నరా?

నాకు నవ్వొస్తది యాదికొస్తే. మామ పెండ్లినాటి తల్లె, అంచు మీద తుకారాం అని పేరు చెక్కింది. మామ పోయినంక దాంట్ల ఎవ్వరం తినలే. కోతులు షురూ అయినంక మీరే అల్మారలకెళ్లి తీసిండ్రు. మౌలాలి గుట్ట దిక్కుకెళ్లి వస్తయో, మిలిట్రీవాళ్ల చెట్లల్లకెళ్లి వస్తయో, పదకొండు కావొస్తే చాలు మన మిద్దె మీదికి దిగేటియి. మీరు ఇనుప గంటె పట్టుకోని వాన పడ్డట్టు వాయించేటోళ్లు. గల్లీ మొత్తం లేచేది. పక్కింటి నాగజ్యోతి గారు గోడ మీదికెళ్లి నవ్వేది, ‘మీ అత్తగారు హారతి మొదలెట్టేశారండీ’ అని. ఆమెది గోదావరి దిక్కు గదా, ఆమె ఏమన్నా మర్యాదగనే ఉంటది.

సరే పోనియ్యుండ్రి. ఇయ్యాల కొట్లాటకు రాలే. ఇయ్యాల మీకొకటి తెచ్చిన. కండ్లు మూసుకోవద్దు మరి. తలుపు అవతలనే పెట్టిన, గుంజుకొస్తా.

హమ్మా… నడుము పోయింది. ఇరవై రెండు మెట్లు అత్తమ్మా! ఒక్కొక్క మెట్టుకు కూసుంట, లేసుకుంట దించిన. ఎవ్వరిని పిలువలే. గుర్తు పట్టిండ్రా? మీరు ఆలుగడ్డలు నాటిన సంచి. ట్యాంకు పక్కన పెట్టింది.

అవును, అదే.

ఏందీ అట్ల చూస్తున్నరు? ఇంట్లకు మన్నెందుకు తెచ్చిందని కోపమా? కింద పాత దుప్పటి పరిచిన, చూడుండ్రి. మీకోసమే తెచ్చిన. మిమ్మల్ని మిద్దె ఎక్కిచ్చుడు నాతోని కాదు, సంచిని దించుడైతె అయితది గదా అనుకున్న.

ఆకు చూడుండ్రి. మొత్తం పండింది. కాడలు సుత ఒరిగి పండుకున్నయ్. మీరేమనేటోళ్లు? ‘పువ్వు పూసిందని ఉరుకొద్దు పిల్లా. ఆకు పండాలె. కాడ ఇగ నాతోని కాదని నేల మీద పండుకోవాలె. అప్పటిసంది నీళ్లు బందు. పది పన్నెండు దినాలు ఆగితె లోపల తోలు గట్టిపడ్తది. గప్పుడు చెయ్యి పెట్టాలె.’ చూసిండ్రా, ఒక్క ముక్క పోలే. అంత యాదికున్నది.

కాని పది దినాలైందో, ఇరవై అయిందో నాకు తెల్వది. ఈ సంచి దిక్కు నేను చూడలే. ఎందుకు చూడలేదో సుత చెప్తా. ముందుగాల మీరు చెప్పుండ్రి, ఇప్పుడు తవ్వాల్నా? తవ్వమంటే రెప్ప ఒక్కసారి వాల్చుండ్రి.

వాల్చిండ్రా, ఉత్తగనే పడ్డదా? సరే, తవ్వమన్నట్టే అనుకుంట. మీతోని ఇదొక తక్లీఫ్, అవుననేది కాదనేది అంత ఒక్కతీరే ఉంటది.

ఇయ్యాలనే ఎందుకంటరా? నాలుగు గంటలకు కాలేబు సార్ వస్తడు. మాటలు నేర్పే సార్. పోయిన వారం మీ ముందటనే అన్నడు గదా, ‘గొంతు లేస్తున్నది, పెదవులు కలుస్తున్నయి, ఇంకో నెల నెలన్నరల మాట వస్తది’ అని. రాజేందర్ ఆ దినం ఆఫీసు నుంచి సీదా మోండా మార్కెట్ పొయ్యి ఇంత పెద్ద సంచి నిండ సపోటాలు పట్టుకొచ్చిండు. అమ్మ మొదటి మాట ‘రాజూ’ అనే అంటదని ఆయన ఆశ. అందుకే ఫోన్ల రికార్డ్ చేస్తడట.

నేను సుత సంబురపడ్డ. అబద్ధం కాదు, నిజంగనే సంబురపడ్డ. కాని ఆ మాట ఇన్నప్పటిసంది పొయ్యి మీద పాలు మూడుసార్లు పొంగిపోయినయ్. ఉప్పు వేసినదాంట్లనే మళ్ల ఉప్పు వేస్తున్న. మీకు మాటొస్తే మొదటి మాట ఏమంటరోనని నాకు భయం అత్తమ్మా. ఇగో, అనేసిన. భయం.

ఎందుకో మీకు ఎరుకే. ఈ ఇంట్ల ఇద్దరికే ఎరుక. మీకు నోరు లేదు, నాకు ధైర్యం లేదు.

సరే, సంచి చూద్దాం.

మిగిలిన మూడు సంచులు ఏమైనయని అడగరా? కుళ్లినయ్. మీరు దవాఖానల ఉన్న దినాలు, ఇంటికొచ్చిన దినాలు, పొద్దుగాల ఒక బకెట్, పొద్దూకి ఒక బకెట్ పోసిన. మీరు వేసినయి ఎండిపోవద్దని. మీకు చెయ్యలేనిది వాటికన్న చెయ్యాలెనని. ఆకు పసుపు రంగైతే నీళ్లు సాల్తలేవేమో అనుకోని ఇంకింత పోసిన! నీళ్లు బందు చెయ్యాల్సిన టైమ్‌కు రెండింతలు పోసిన. మొన్న చెయ్యి పెడితే అంత జిగట. ఒకటే కంపు. గడ్డ అనుకోని పట్టుకుంటే వేళ్ల సందుల నుంచి జారిపోయింది. బాత్రూంల పొయ్యి కక్కుకున్న.

ఈ సంచి ఒక్కటే బతికింది. దీని దగ్గరికి పోలే గదా నేను. మీరు పడ్డ జాగ. దీనికి ట్యాంకు పొర్లిన నీళ్లే దిక్కు. రాజేందర్ మొన్న సంక్రాంతి అయినంక ట్యాంకుకు కొత్త బాల్‌ వాల్వు పెట్టిచ్చిండు, ఆ పొర్లుడు సుత బందైంది. అంటే దీనికి సరిగ్గ మీరు చెప్పినట్టే అయింది. నేను ముట్టనిదే మంచిగైంది. ఏమన్న ఉన్నదా అత్తమ్మా దీనికన్న సిగ్గు!

ఖుర్పీ తేలే, భయపడకుండ్రి. ఖుర్పీ తగిలితే గడ్డ తెగుతది, తెగింది నిలువదు, నాకు తెలుసు. చేతితోనే. ఇట్ల పక్కలకెళ్లి, మెల్లగ. మన్ను ఎంత పొడిగుందో చూడుండ్రి, పిండి లెక్క రాలుతున్నది.

మీ చెయ్యి సుత ఇయ్యుండ్రి. ఎడమది. పెట్టుండ్రి లోపటికి. సల్లగుంది గదా? వద్దా? గుంజుకున్నరెందుకు? సరే, నేనే తీస్తా, మీరు చూడుండ్రి.

అగో! ఒకటి. నా పిడికిలంత ఉన్నది! ఇంకోటి… ఇది చిన్నది. ఇగో ఇది చూడుండ్రి, దీనికి ముక్కున్నది, అచ్చం మీ కొడుకు ముక్కు. నవ్విండ్రా? నవ్వినట్టే ఉన్నది. నాకు కనబడ్డది, ఇప్పుడు దాచుకోవద్దు.

పట్టుకోండ్రి దీన్ని. బొటనవేలితోని రుద్దుండ్రి, మీరు చూపించినట్టు. తోలు ఊడితే పచ్చిది, ఊడకుంటే పండింది. రుద్దుండ్రి… గట్టిగ… పోలే! తోలు పోలే అత్తమ్మా! పండినయ్! మీ ఆలుగడ్డలు పండినయ్!

కడుగను. కడుగొద్దని నాకెరుక. మన్ను దులిపి మంచం కింద గోనె పరిచి ఆరబెడతా. ఎండ తగలొద్దు, తగిలితె పచ్చబడి చేదెక్కుతయ్. అన్ని యాదికున్నయ్. మీరు చెప్పంగ ఇననట్టు మొఖం పెట్టేదాన్ని గాని, అన్ని ఇన్న.

ఒకటి మీరు ఊకె అనేటోళ్లు. ‘టమాట ఎర్రగై పిలుస్తది, బెండకాయ రెండు దినాలు మర్చిపోతే ముదిరి తిడుతది. ఆలుగడ్డ పిలువదు పిల్లా. మన్నుల పండుకోని ఉంటది. మనమే చూస్కోవాలె.’ ఇప్పుడు నాకు పగలంత అదే పని. మీ మొఖం చూసి దూపైందా, తడిసిందా, నొస్తున్నదా అని కనిపెట్టుడు. మీరు పిలువరు.

మీరు పడ్డ దినం పొద్దుగాల ఆ పచ్చి ఆలుగడ్డ చెట్టు పీకింది నేనే. అవును, మీకు తెలుసు. కాని ఎందుకు పీకిన్నో చెప్పనియ్యలే మీరు. ఆ దినం రాజేందర్ పుట్టినరోజు. ఆయన ‘అమ్మ పండించిన ఆలుగడ్డ కూర ఎప్పుడు తింటమో’ అన్నడు. పువ్వు పూసింది గదా, నాలుగు గడ్డలు తీసి వండితె అమ్మా కొడుకులిద్దరు ఖుష్ అయితరనుకున్న. పీకితే గోలీలంత ఉన్నయ్. ఏడు గంటలకు మిద్దె మీదికి మీకు చాయ్ తెచ్చినప్పుడు మీరు చూసిండ్రు నా చేతిల.

‘ఆత్రగానికి బుద్ధి మట్టు’ అన్నరు. సరే, పడ్డ. అది మీరు రోజుకు పదిసార్లు అనే మాటనే. కాని గోడ అవతల నాగజ్యోతి గారు బట్టలు ఆరేస్తున్నది. ఆమె ఇనంగ ఇంకో మాటన్నరు. ‘పచ్చిది పచ్చిదే పీకినవు. నీ చేతిల ఏదన్న నిండేదాక ఆగుతదా?’

ఆ మాట అన్నరు మీరు. అని చాయ్ తాగిండ్రు.

మూడేండ్ల కింద అయిదో నెలల నా కడుపు పోయింది. మీకు యాదిలేదా? ఆ పదిహేను దినాలు నాకు తల దువ్వింది మీరే. అన్నం కలిపి పెట్టింది మీరే. మా అమ్మ సుత అంత చెయ్యలే. అందుకే అంత గట్టిగ తగిలింది. మీరు అది మనసుల పెట్టుకోని అన్నరో, ఉత్త ఆలుగడ్డలకే అన్నరో నాకు ఇయ్యాల్టి దాంక తెల్వది. అడగలే. ఇప్పుడు అడుగుదామంటే మీకు మాట లేదు.

ఏందీ, తల ఊపుతున్నరా? అది అవునా, కాదా? వణుకుతున్నదా? అయ్యో, నాకు తెలుస్తలేదు అత్తమ్మా. పోనియ్యుండ్రి. ఏదైనా సరే, దానికి నేను చేసింది సమానం కాదు.

ఆగుండ్రి, ఇంకా అడుగుల ఉన్నయేమో. ఇగో ఇంకొకటి. ఇదేంది, గట్టిగ తగులుతున్నది… రాయా? కాదు, పొడుగ్గ ఉన్నది…

అయ్యో.

అయ్యో అత్తమ్మా. గంటె.

మీ ఇనుప గంటె. కాడంత తుప్పు పట్టింది. దీని కోసం ఇల్లంత దేవులాడినం గదా! తల్లె మిద్దె మీదనే దొరికింది, గంటె దొరకలే. కోతి ఎత్తుకపోయిందన్నడు రాజేందర్. నేను సుత కోతే అన్న. ఇది ఇక్కడ్నే ఉన్నదా? మీ చేతి కిందనే, మీ గడ్డల నడుమల?

నాకు ఇప్పుడు సమజైతున్నది. నేను మిద్దె ఎక్కి చూసినప్పుడు మీ ఎడమ చెయ్యి మోచేయి దాంక ఈ సంచిలనే ఉండె. లేపుతుంటే మన్ను కూలింది. అంటే ఆఖరి దాంక గంటె ఇడువలే మీరు. పట్టుకోనే ఉన్నరు.

అట్ల చూడకుండ్రి. చెప్తా. ఇగ చెప్పకుంటే నా వల్ల కాదు.

అందరికి నేనేం చెప్పిన? మిక్సీ నడుస్తుండె, పల్లి చట్నీ రుబ్బుతుంటి, చప్పుడు ఇనరాలే. రాజేందర్ నా చెయ్యి పట్టుకోని ‘నీ తప్పేముంది’ అన్నడు. నాగజ్యోతి గారు సుత ‘వినబడినా మేము కోతులనే అనుకున్నామండీ’ అని కండ్లు తుడుచుకున్నది. అందరు మాఫ్ చేసిండ్రు, అడగకముందే.

మిక్సీ నడిచింది నిజమే. దాంట్ల ఏం లేకుండె అత్తమ్మా.

పల్లీలు లేవు, మిర్చి లేదు, నీళ్లు లేవు. ఖాళీ గిన్నె. ఉత్త మిక్సీ తిప్పిన.

పదకొండు పది. ఫోన్ చూసిన కాబట్టి నాకు గట్టిగ ఎరుక. ఒక దెబ్బ ఇనవడ్డది. ఎంతో సేపటికి ఇంకోటి. కోతులకు మీరు అట్ల కొట్టరు. వాన పడ్డట్టు కొడుతరు. ఇది ఒక్కొక్కటే, చేత కానోళ్లు కొట్టినట్టు. కోతులకు కాదని నాకు రెండో దెబ్బకే సమజైంది. నన్ను పిలుస్తున్నరని సమజైంది. పొద్దుగాల తిట్టింది సరిపోలే, మళ్ల మిద్దె మీదికి పిలిచి, నాగజ్యోతి గారు చూడంగ ఇంకింత తిడుతరనుకున్న. కొట్టుకోనీ అనుకున్న. చెయ్యి నొచ్చేదాక కొట్టుకోనీ.

అత్త మీది కోపం దుత్త మీద అంటరు గదా. నేను మిక్సీ మీద చూపిన.

నడుమ నడుమ బందు చేసి ఇన్న సుత. ఇంకా కొడుతున్నరా అని. ఠంగ్ మనేది. మళ్ల మీట తిప్పేదాన్ని. మిక్సీ వేడెక్కి కాలిన వాసన వచ్చింది. అయినా తిప్పిన. నలభై నిమిషాలు. పన్నెండుకు పది తక్కువకు మీ చప్పుడు బందైంది. అప్పుడు నాకేమనిపించిందో చెప్పాల్నా? గెలిచిన అనిపించింది. అత్త మీద గెలిచిన అనుకోని గిలాసెడు నీళ్లు తాగి, బట్టల బకెట్ పట్టుకోని, తాపీగ మెట్లెక్కిన.

మీ కండ్లు మెట్ల తలుపు దిక్కే ఉండె. మూతి ఒక పక్కకు పోయింది గాని కండ్లు సాఫ్‌గ ఉండె. నన్ను చూసినయ్. అంత ఎరుకైన చూపు అది. మిక్సీ చప్పుడు మీకు పైకి ఇనవడ్డదా అత్తమ్మా? ఇనవడే ఉంటది. చట్నీకి నలభై నిమిషాలు మిక్సీ ఎవ్వరు తిప్పరని మీకు తెల్వదా?

ఇప్పుడు గిన్నె మీద చెంచా పడ్డా మెట్ల దిక్కు చూస్త. పాత సామాన్ల బండోడు ఇనుము కొట్టుకుంట పోతుంటే దొంగకు తేలు కుట్టినట్టు వంటింట్ల నిలబడి పోత, అరవలేను, ఏడ్వలేను. రోజు పదకొండు పదికి మిద్దె ఎక్కుత. ఏం ఉండది అక్కడ. కోతులు సుత వస్తలేవు ఇప్పుడు. ట్యాంకు, తాడు, ఈ సంచి. కాని చప్పుడు ఇనవడ్తది. ఒక్కొక్కటే. నేను పోంగనే ఆగుతది, కిందికి దిగంగనే షురూ అయితది.

ఇది దాంక మీకు ఎరుకే. ఇగ చెప్పేది మీకు ఎరుక లేదు. అది చెప్పకుంటే మీరు మాఫ్ చేసినా అది మాఫ్ కాదు.

దవాఖానల పెద్ద డాక్టర్ అడిగిండు. ‘ఎన్ని గంటలకు పడ్డరమ్మా? సరిగ్గ చెప్పు. నాలుగున్నర గంటలు దాటకుంటేనే రక్తం గడ్డ కరిగే సూది ఇస్తం. దాటినంక ఇస్తే ముప్పు.’ ఒంటిగంట కావొస్తుండె అప్పటికి. పదకొండు పది నుంచి ఒంటిగంట, రెండు గంటలు సుత కాదు. ఆ లెక్క నాకు అప్పుడే వచ్చింది, ఆయన ముందట నిలబడంగనే.

కాని పదకొండు పది అని ఎట్ల చెప్పాలె? చెప్తే ‘నీకెట్ల తెలుసు’ అంటడు. రాజేందర్ పక్కనే ఉన్నడు. ‘తెలిస్తే ఎందుకు పోలేదు’ అంటడు ఆయన. నా నోరు అదంతట అదే తెరుచుకున్నది. ‘పొద్దుగాల ఏడు గంటలకు చాయ్ ఇచ్చినప్పుడు మంచిగుండె సార్. ఆ తర్వాత చూడలే’ అన్న. ఆయన మళ్ల అడిగిండు, ‘తర్వాత మాటగాని, చప్పుడుగాని ఏం ఇనలేదా?’ అని. లేదు సార్ అన్న. రెండుసార్లు అడిగిండు అత్తమ్మా. రెండుసార్లు లేదన్న.

ఏడు నుంచి ఒంటిగంట. ఆరు గంటలు. ఆయన తల అడ్డంగ ఊపి కాయితం మీద ఏదో రాసిండు. సూది ఇయ్యలే.

ఇస్తే మీరు ఇయ్యాల లేచి నడుస్తుంటిరో లేదో నాకు తెల్వది. అందరికి పని చెయ్యదట ఆ సూది. తర్వాత ఫోన్ల చూసిన, ఒక్కసారి కాదు, మస్తుసార్లు చూసిన. కాని మీకు అందాల్సింది నా నోట్లనే ఉండె. నేను మింగిన.

ఇప్పుడు చెప్పుకోండ్రి మీ కొడుక్కు. మాట రాంగనే చెప్పుకోండ్రి. రికార్డ్ చేస్తడు గదా, చెయ్యనియ్యుండ్రి. నేను కాదనను, ఆపను.

నాకు ఒక్కటే కావాలె. ఒక్కసారి కొట్టుండ్రి. ఇగో మీ గంటె, మన్ను తుడిచిన. మీకు సమజ్ కాక కాదు, కొట్టినా రాదు అనే కొడుతలేరని నాకు ఎరుక. మొదటి దినం ఈ తల్లెను మంచం మీద పెట్టంగనే మీరు నా దిక్కు చూసిన చూపుతోనే ఎరుక. తడిల పండుకుంటరు గాని నన్ను పిలువరు. అత్తమ్మా, కాళ్లు మొక్కుత, ఒక్క దెబ్బ. నేను ఎదురుంగనే ఉన్న, ఎక్కడికి పోతలే.

ఆ… పట్టుకోండ్రి. గట్టిగనే పట్టుకున్నరు. లేపుండ్రి ఇగ. జెర పైకి…

ఏందీ? నా దిక్కు ఎందుకు చాపుతున్నరు? బరువైందా? చెంచా ఇయ్యాల్నా? వద్దా? తల్లె ఎందుకు తోస్తున్నరు ఇటు? నాకెందుకు?

తల్లెను నన్నే కొట్టమంటున్నరా?

రెప్ప వాల్చిండ్రు. ఇది మాత్రం సాఫ్‌గ కనబడ్డది.

సరే. ఇయ్యుండ్రి. కొడుతున్న. ఇగో.

కొట్టిన అత్తమ్మా. అత్తమ్మా? మొఖం గోడ దిక్కు ఎందుకు తిప్పుకున్నరు? ఇటు చూడుండ్రి. నేను పిలుస్తున్న గదా. ఇగో, ఇంకోటి కొట్టిన.

ఇనవడ్తున్నది మీకు. ప్రతి దెబ్బకు మీ భుజం అదురుతున్నది. అయినా తిరుగరా?

సరే. తిరుగకుండ్రి. మీరు కొట్టినట్టే ఒక్కొక్కటి కొడుత. గడియారం మీ తల మీదనే ఉన్నది, మూడు ఇరవై అయింది. నలభై నిమిషాలంటే సరిగ్గ నాలుగు. అప్పటికి కాలేబు సార్ వస్తడు. ఇదేందమ్మా, ఎప్పటిసంది కొడుతున్నవని అడుగుతడు.

అడగనియ్యుండ్రి. ఈసారి టైమ్ సరిగ్గ చెప్తా.